మొండి టైరు లొంగే దారి

పిల్లలూ, బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇంట్లో సామాన్లన్నీ సర్దాక చివరగా లారీ ఎక్కేది సైకిలు. కొత్త ఊళ్లో ముందుగా దిగేదీ అదే. దిగేసరికి రెండు టైర్లలోనూ గాలి ఉండదు. ఒక్కోసారి టైరు పక్కలు పగిలి నూలుపోగులు బయటికి కనిపిస్తుంటాయి. మీలో చాలామంది ఈ దృశ్యం చూసే ఉంటారు. ఇప్పటికి ఆరు ఊళ్లు మారిన మాకూ ఇది అలవాటే.

ఇప్పుడు మేము ఉంటున్నది బస్తర్‌లోని జగదల్‌పూర్. తెలుగువాళ్లకు ఇది పరాయి ఊరేమీ కాదు. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం అరకు మీదుగా ఈ ఊరికి వస్తుంది. సంతరోజున బజారులో తెలుగు మాట తప్పక వినిపిస్తుంది. ఆ సంతకు కూరగాయల బుట్టలు, కోళ్లు, ఇప్పపువ్వు మూటలు సైకిళ్ల మీదే వస్తాయి. తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు రాష్ట్ర ప్రభుత్వం సరస్వతి సైకిల్ యోజన కింద సైకిళ్లు ఇస్తుంది. ఊళ్లు దూరదూరంగా ఉన్న చోట సైకిలు ఆగిందంటే చదువూ ఆగుతుంది.

పోయిన చలికాలంలో మాకిది కళ్లారా తెలిసింది. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఒక సాయంత్రం సైకిలు నడిపించుకుంటూ మా వరండాలోకి వచ్చింది. వాళ్ల నాన్నగారు భద్రతా దళంలో పనిచేస్తూ దూరంగా క్యాంపులో ఉంటారు. ఇంట్లో అమ్మ, చంటి తమ్ముడు. బడి నాలుగు కిలోమీటర్లు. వెనక టైరు పాతబడితే కొత్తది కొన్నారు. అది రిమ్ము మీదికి ఎక్కడం లేదు. స్క్రూడ్రైవరుతో ఎత్తి ఎక్కించబోతే ఒకదాని తరవాత ఒకటిగా మూడు ట్యూబులు చిరిగాయి.

“మేడమ్, ఇంకో ట్యూబుకు డబ్బుల్లేవని అమ్మ అంటోంది. సోమవారం పరీక్ష. సైకిలు అమ్మేద్దామంటోంది” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అరచేతుల నిండా బొబ్బలు.

“బలం సరిపోలేదని అనుకోకమ్మా. ముందు టైరు మీద ఏం రాసుందో చూద్దాం” అన్నాము.

టైరు ఎందుకు సాగదు?

టైరు అంటే రబ్బరు కదా, లాగితే సాగాలి అనుకుంటాం. రబ్బరు సాగుతుంది. కానీ టైరు రెండు అంచుల్లోనూ ఉక్కు తీగ చుట్టి ఉంటుంది. ఆ తీగ సాగదు. సాగకూడదు కూడా. అది సాగితే గాలి నిండగానే టైరు రిమ్ము మీంచి ఊడి వస్తుంది. మన ప్రాణాన్ని కాపాడేది ఆ మొండితనమే.

మరి సాగని తీగను రిమ్ము గోడ దాటించడం ఎలా? రిమ్ముని అడ్డంగా కోసి చూస్తే రెండు పక్కలా గోడలు, నడుమ ఒక పల్లం కనిపిస్తాయి. టైరు అంచు చివరికి కూర్చునేది గోడల పక్కనున్న గట్టు మీద. నడుమ పల్లం మాత్రం టైరు ఎక్కించడానికీ దించడానికీ ఏర్పరచినది.

ఏడో తరగతి లెక్క ఒకటి ఇక్కడ పనికొస్తుంది. వృత్తం చుట్టుకొలత 2πr. తీగ గట్టు మీంచి 3 మిల్లీమీటర్ల లోతు పల్లంలోకి దిగితే వ్యాసార్థం 3 తగ్గినట్టు. అంటే 2 × 3.14 × 3, దాదాపు 19 మిల్లీమీటర్ల తీగ మిగులుతుంది. చక్రం చిన్నదైనా పెద్దదైనా ఈ లెక్క మారదు. తీగ చుట్టూతా పల్లంలో ఉండదు కాబట్టి అంతా దక్కదు. మూడింట రెండు వంతుల మేర దింపగలిగినా 12 మిల్లీమీటర్ల పైన వదులు దొరుకుతుంది. చివర్లో మనల్ని ఏడిపించే ఆ జానెడు ముక్క గోడ దాటడానికి ఆ వదులే ఆధారం.

అందుకే బిగిసిన చోట ఎంత తోసినా లాభం లేదు. ఎదుటి పక్కన తీగను పల్లంలోకి దింపితే ఇక్కడ దానంతటదే వదులవుతుంది.

“26” అంటే ఎన్ని?

అమ్మాయి టైరు తిప్పి చూస్తే 40-584 అని ఉంది. పాత టైరు మీద 37-590 అని ఉంది. రెండింటినీ దుకాణంలో “26 సైజు” అనే అంటారు. నిజానికి మొదటిది 26 × 1½, రెండోది 26 × 1⅜. ఇలా రాసినప్పుడు మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది అంచు కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. పిల్లల గేరు సైకిళ్లకు వచ్చే 26 × 1.75 అయితే 559. పెద్దవాళ్ల నల్ల సైకిలు 28 × 1½ అయితే 635.

వ్యాసంలో 6 మిల్లీమీటర్ల తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. చుట్టుకొలతలో అది 6 × 3.14, అంటే దాదాపు 19 మిల్లీమీటర్లు. ఆ టైరు ఆ రిమ్ముకు పుట్టినది కాదు. మూడు ట్యూబులు బలైంది అందుకే. మర్నాడు పాత టైరుని కూడా వెంట తీసుకెళ్లి, అంకె చూపించి మార్పించుకొచ్చాము.

సరైన టైరూ బిగిసింది

తమాషా ఏమిటంటే 37-590 కూడా సులువుగా ఎక్కలేదు. రిమ్ము లోపల చూశాము. పుల్లల చివర్లు ట్యూబుకు గుచ్చుకోకుండా ఎవరో పాత ట్యూబుని పట్టీలా కోసి రెండు చుట్లు చుట్టారు. మంచి ఆలోచనే, కానీ పల్లం పూడిపోయింది. పట్టీ 2 మిల్లీమీటర్ల మందం ఉన్నా, లెక్క ప్రకారం 12 మిల్లీమీటర్ల పైన వదులు పోయినట్టే. దాన్ని తీసేసి పుల్లల చివర్లను కప్పే పలచని పట్టీ ఒక్కటే వేశాము. తరవాత పని ఇలా సాగింది.

1. కొత్త టైరుని కాసేపు ఎండలో పెట్టాము. బస్తర్‌లో చలికాలం పొద్దున రబ్బరు బిర్రబిగుసుకుని ఉంటుంది. వెచ్చబడితే మెత్తబడుతుంది.

2. టైరు ఒక అంచుని పూర్తిగా రిమ్ములోకి ఎక్కించాము. ట్యూబులో దాని ఆకారం నిలిచేంత గాలి మాత్రం కొట్టి, వాల్వుని రంధ్రంలో పెట్టి, ట్యూబుని మడత లేకుండా లోపల సర్దాము.

3. రెండో అంచుని వాల్వుకు సరిగ్గా ఎదురు పక్కన మొదలుపెట్టాము. రెండు చేతులతో రెండు పక్కలా నెట్టుకుంటూ వాల్వు దగ్గర ముగిసేలా వచ్చాము. వాల్వు ఉన్న చోట అంచు పల్లంలోకి దిగలేదు, దాని మొదలు అడ్డం వస్తుంది. కాబట్టి అక్కడ మొదలుపెడితే దొరకాల్సిన వదులు పోతుంది.

4. చివర జానెడు మిగిలి బిగిసింది. అప్పుడు తోయడం ఆపేశాము. ట్యూబులోని గాలి తీసేసి, ఎదురు పక్క నుంచి టైరుని రెండు చేతులతో పిసుకుతూ, అంచుల్ని నడుమ పల్లంలోకి దింపుకుంటూ వాల్వు వైపు వచ్చాము. రెండు మూడుసార్లు అలా చేశాము.

5. బిగిసిన చోట అంచుకు సబ్బు నీళ్లు రాశాము. నూనె, కిరోసిన్ రాయకూడదు, రబ్బరు చెడిపోతుంది.

6. అరచేతి మడమతో నొక్కి దొర్లించగానే టప్పుమని ఎక్కింది. స్క్రూడ్రైవరు ముట్టనే లేదు. తప్పనిసరైతే మొద్దు అంచున్న టైరు లివరు వాడవచ్చు. దాని కింద ట్యూబు లేదని చూసుకోవాలి.

7. వాల్వుని ఒకసారి లోపలికి నొక్కి వదిలాము. టైరు చుట్టూ అంచుని పక్కకు వంచి ట్యూబు ఎక్కడా బయటికి తొంగిచూడటం లేదని చూశాము. కొంచెం గాలి కొట్టి, చక్రం తిప్పి, రిమ్ము వెంట టైరు మీది గీత అన్ని చోట్లా సమానంగా ఉందని చూసుకున్నాక మిగతా గాలి కొట్టాము. ఎక్కడైనా ఉబ్బి ఉంటే వెంటనే గాలి తీసేసి మళ్లీ సర్దాలి.

చివరి నాలుగు పనులూ అమ్మాయే చేసింది. మేము చక్రం పట్టుకుని నిలబడ్డామంతే.

ఈ తీగ వెనక కథ

1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల బండి కుదుపు తగ్గించడానికి గాలి టైరు తయారుచేశారు. అప్పటి టైర్లను రిమ్ముకు జిగురుతో అంటించేవారు. పంక్చరు పడితే విప్పడానికి గంటలు, జిగురు ఆరడానికి రాత్రంతా. 1890లో చార్ల్స్ కింగ్‌స్టన్ వెల్చ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు అంచుల్లో సాగని తీగ, నడుమ పల్లమున్న రిమ్ము అనే ఏర్పాటుకు పేటెంటు పొందారు. 1891లో ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు తమదైన మరో పద్ధతిలో ఊడదీసే టైరు తెచ్చారు. ఆ ఏడాది పారిస్-బ్రెస్ట్-పారిస్ పందెంలో ఆ టైర్లతోనే చార్ల్స్ తెరాన్ గెలిచారు. అయితే ఈనాడు మన సైకిళ్లలో ఎక్కువగా ఉన్నది వెల్చ్ చెప్పిన తీగ, పల్లం పద్ధతే. నూట ముప్పై ఏళ్ల నాటి ఆ ఆలోచన వల్లే ఎనిమిదో తరగతి పిల్ల సబ్బు నీళ్లతో, రెండు చేతులతో టైరు మార్చగలుగుతోంది.

సోమవారం ఆ అమ్మాయి పరీక్షకు సైకిలు మీదే వచ్చింది. మార్చిలో వాళ్ల నాన్నగారికి మళ్లీ బదిలీ అయింది. సామాన్లు కట్టే రోజున వచ్చి, తమ నోటుబుక్కు చివరి పేజీలో 37-590 అని రాసుకున్నానని చూపించి వెళ్లింది.

మీ సైకిలు టైరు మీద ఏ అంకె ఉందో ఈ రోజే చూసి రాసి పెట్టుకోండి. తరవాతి ఊళ్లో దుకాణం కొత్తదే కావచ్చు, భాష కొత్తదే కావచ్చు. ఆ అంకె మాత్రం ఎక్కడైనా ఒకటే. టైరు బిగిసినప్పుడు బిగిసిన చోటుతో పోట్లాడకండి. ఎదుటి పక్కకు వెళ్లి కాస్త వదులు ఇవ్వండి.