ఆరోగ్య బీమా – పూర్వవ్యాధులు

యాబది సంవత్సరముల వయస్సు గల ఒక గృహస్థుని తలచుకొనుడు. ఆయనకు నాలుగేండ్లుగా మధుమేహము కలదు. నేటికిని మందులు వాడుచున్నాడు. ప్రైవేటు కంపెనీలో ఆరోగ్య బీమా తీసికొనదలచి దరఖాస్తు నింపుచుండగా, "ఇదివరకు ఏ వ్యాధికైనను చికిత్స పొందితిరా?" అను ప్రశ్న ఎదురగును. ఉన్నమాట వ్రాసినచో ప్రీమియము పెరుగునేమో, అసలు బీమాయే లభింపదేమో యని ఆయన శంకించును. "లేదని వ్రాయుడు, ఎవరు చూడవచ్చిరి?" అని ప్రక్కనున్నవారు చెప్పుదురు. ఆ ఒక్క మాటపై ఒక కుటుంబము యొక్క క్షేమము ఆధారపడియున్నది.

పూర్వవ్యాధి యనగా నేమి? బీమా ఆరంభమైన తేదీకి ముందు 36 నెలలలో వైద్యుడు నిర్ధారణ చేసిన వ్యాధిగాని, వైద్యుడు సలహానో చికిత్సనో ఇచ్చిన వ్యాధిగాని పూర్వవ్యాధి యనబడును. మధుమేహము, రక్తపుపోటు, ఉబ్బసము, గుండెజబ్బు మొదలగునవి తరచుగా ఈ కోవకు చెందును.

ఇట్టి వ్యాధులకు కంపెనీలు వెంటనే ధనము చెల్లింపవు. పెక్కుమంది తలా కొంత కూర్చిన నిధితో ఆపద వచ్చిన కొందరిని ఆదుకొనుటయే బీమా. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వ బూనినట్లు, జబ్బుపడిన పిమ్మటనే అందరును చేరినచో ఆ నిధి నిలువజాలదు. కావున కొంత నిరీక్షణకాలము విధింపబడుచున్నది. పూర్వము ఈ గడువు 48 నెలల వరకు ఉండెడిది. హైదరాబాదు కేంద్రముగాగల భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ 2024 ఏప్రిల్ 1 నుండి దానిని 36 నెలలకు మించరాదని నిర్ణయించినది. కంపెనీ కోరినచో ఇంతకు తక్కువ గడువు పెట్టవచ్చును.

ఈ గడువులో పూర్వవ్యాధికిని, దానివలన నేరుగా కలుగు ఉపద్రవములకును మాత్రమే చెల్లింపు ఉండదు. ప్రమాదవశమున తగిలిన గాయములకు మొదటి దినము నుండియే రక్షణ కలదు. తక్కిన జబ్బులకు సాధారణముగా మొదటి 30 దినములు వేచియుండవలెను. కొన్ని నిర్ణీత చికిత్సలకు వేరే గడువులుండును. వానిని పత్రములో చదివి తెలిసికొనవలెను.

వ్యాధిని దాచినచో నేమగును? ఆసుపత్రిలో చేరిన నాడు వైద్యుడు, "ఈ జబ్బు ఎంతకాలముగా ఉన్నది?" అని అడిగి వ్రాసికొనును. పాత చీటీలు, పరీక్షల నివేదికలు బయటపడును. అప్పుడు కంపెనీ చెల్లింపును నిరాకరించి, బీమానే రద్దు చేయవచ్చును. ఆపద్ధనముగా నమ్ముకొన్నది ఆపదలోనే అక్కరకు రాదు. దరఖాస్తును ఏజెంటు నింపినను, చేవ్రాలు చేసినవారిదే బాధ్యత.

నిజము చెప్పినవారికి నియమములు అండగా నుండును. బీమా ఎడతెగక 60 నెలలు సాగిన పిమ్మట, మోసము రుజువైననే తప్ప, వ్యాధిని తెలుపలేదను కారణముతో కంపెనీ చెల్లింపును నిరాకరింపరాదు. వేరొక కంపెనీకి మారదలచినవారు నిబంధనల ప్రకారము బీమాను బదిలీ చేయించుకొన్నచో, గడచిన నిరీక్షణకాలము వ్యర్థము కాదు. అయితే హెచ్చించుకొన్న మొత్తమునకు గడువు మరల మొదలగును. ప్రీమియమును సకాలమున చెల్లింపక బీమా తెగిపోయినచో ఈ లాభములన్నియు పోవును.

కంపెనీ నిర్ణయము అన్యాయమని తోచినచో మొదట ఆ కంపెనీకే వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవలెను. ఒక నెలలో తగిన సమాధానము రానిచో బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింపవచ్చును. ఇందుకు రుసుము లేదు. హైదరాబాదులోను ఆ కార్యాలయము కలదు.

2018లో ప్రారంభమైన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనలో అర్హులగు కుటుంబములకు పూర్వవ్యాధులకు సైతము మొదటి దినము నుండియే చికిత్స లభించును. అర్హత కలదో లేదో ముందుగా విచారించుకొనుట మంచిది.

ఆ గృహస్థుడు మధుమేహము సంగతి దాచక వ్రాసి, దరఖాస్తు ప్రతిని భద్రపరచుకొనుగాక! మూడేండ్ల నిరీక్షణ కష్టమే. కాని ఆసుపత్రి వాకిట నిరాకరణ అంతకంటె కష్టము.