మిన్నీ బే నుండి చిడియా టాపూ వరకు

2024లో శ్రీ విజయపురమని నామాంతరం పొందిన పోర్ట్ బ్లెయిర్‌లో, పట్టణపు అంచునే ఉన్న చిన్న అఖాతం మిన్నీ బే. ఇచట ఉదయం బయలుదేరిన యాత్రికులు, సుమారు 25 కిలోమీటర్ల దూరంలో దక్షిణ అండమాన్ కొసనున్న చిడియా టాపూను చూచి, చీకటిపడువేళకు తిరిగి రావచ్చును. అనుభవజ్ఞుడైన మార్గదర్శి మాత్రం ముందుగా వారిని వండూరు దారిలోని సిప్పీఘాట్ వద్ద నిలుపుతాడు.

రోడ్డు ప్రక్కన పరచుకొన్న నీరు కొల్లేరును ఎరిగిన తెలుగువారికి సరస్సువలె తోచును. అది సరస్సు కాదు. 2004 డిసెంబరు 26 వరకు అచట పంటపొలాలుండేవి. ఆనాటి భూకంప తీవ్రత 9.1. సునామీ కెరటాలు వెనుకకు మరలినవి గాని, క్రుంగిన నేల తిరిగి లేవలేదు. సుమారు ఒక మీటరు దిగిన ఆ భూమిపైకి పోటువేళ సముద్రజలం చేరసాగినది. నేడు నీటిపక్షులను చూడవచ్చినవారు ఆ ప్రదేశాన్ని మెచ్చుకొందురు; పొలం పోయిన రైతు మెచ్చుకొనునా?

దీనికి కారణం సముద్రగర్భంలో కలదు. భారత ఫలకం బర్మా ఫలకం క్రిందికి చొచ్చుకొనిపోవుచున్నది. ఒరిపిడిచే రెండును చిక్కుకొన్నప్పుడు పై ఫలకపు అంచు క్రిందికి లాగబడి, వెనుకభాగం ఉబ్బును. చిక్కు వీడగానే అంచు పైకెగసి, వెనుకభాగం క్రుంగును. అందుచేతనే దక్షిణ అండమాన్ దిగగా, ఉత్తర అండమాన్ పశ్చిమ తీరం లేచి, పగడపు దిబ్బలు నీటివెలుపలపడి నశించినవి.

చిడియా టాపూ తీరాన వేళ్ళతో కూలిన మహావృక్షాలు ఇసుకపై పడియున్నవి. పోటు వచ్చినపుడు అలలు వాటిపైకి ఎక్కును.