టంకశాల లోపం వేరు, దొంగ నాణెం వేరు

చేవెళ్ళ, మొయినాబాద్ ప్రాంతాల్లో కూరగాయల, పూల వ్యాపారం ముఖ్యమైనది. తెల్లవారేలోగా సరకు నగరానికి చేరాలి. హమాలీకి, ఆటోకు, చిల్లర కొనుగోలుదారుకు ఇవ్వడానికి గల్లాపెట్టెలో చిల్లర ఉండాలి. అటువంటి చోట అచ్చు సరిగా పడని నాణెమో, అలవాటు లేని బొమ్మ గల పది రూపాయల నాణెమో వస్తే కొందరు దొంగ నాణెమని తిప్పికొడతారు. మరికొందరు లక్షలు పలుకుతుందని దాచిపెడతారు. రెండూ నష్టం కలిగించేవే.

నాణేల తయారీ ఈ ప్రాంతానికి దూరపు విషయం కాదు. నిజాం ప్రభుత్వం 1903లో హైదరాబాదులోని సైఫాబాదులో ఆధునిక పద్ధతిలో నెలకొల్పిన టంకశాలను 1950లో కేంద్ర ప్రభుత్వం తీసుకొన్నది. 1997లో అది చర్లపల్లికి మారింది. మిగిలిన మూడు టంకశాలలు ముంబయి, కోల్‌కతా, నోయిడాలలో ఉన్నాయి. సంవత్సరం అంకెల కింద నక్షత్రం ఉంటే హైదరాబాదు, వజ్రం గుర్తు ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా నాణెమని సాధారణంగా గుర్తించవచ్చు. కోల్‌కతా నాణెంపై గుర్తు ఉండదు. కనుక గుర్తు లేకపోవడం లోపం కాదు.

లోపం ఎక్కడ పుడుతుంది?

లోహపు రేకు నుంచి గుండ్రని బిళ్లలు కత్తిరించడం, పై అచ్చు కింది అచ్చుల మధ్య బిళ్లను ఉంచి ఒత్తడం, ఆ సమయంలో బిళ్ల వెడల్పుగా సాగకుండా చుట్టూ ఉక్కు వలయం పట్టి ఉంచడం - ఇదీ తయారీ క్రమం. ఏ దశలో యంత్రం గాడి తప్పితే ఆ దశకు తగిన లోపం నాణెంపై మిగులుతుంది.

రేకు తగినంత ముందుకు జరగకపోతే అంతకుముందు కత్తిరించిన రంధ్రం మీదే కత్తి పడి, బిళ్ల అంచున నెలవంక ఆకారపు కోత ఏర్పడుతుంది. బిళ్ల పక్కకు జరిగి ఉండగా అచ్చు పడితే బొమ్మ ఒక వైపుకు పోతుంది. ఉక్కు వలయం సరిగా పట్టకపోతే నాణెం వెడల్పుగా సాగుతుంది. అచ్చు పగిలితే, ఆ పగులులోకి లోహం చేరి నాణెంపై ఉబ్బెత్తు గీత పడుతుంది. అచ్చు గుంటల్లో గ్రీజు, మురికి నిండితే అక్షరాలో, సంవత్సరమో మాయమవుతుంది. ఒత్తిన నాణెం అచ్చుకే అంటుకుపోతే తర్వాతి బిళ్లపై అదే బొమ్మ తిరగబడి, లోతుగా పడుతుంది. దీనిని బ్రోకేజి అంటారు. దలాలు తీసుకొనే బ్రోకరేజికీ దీనికీ సంబంధం లేదు.

అసలు కోతకు ఒక ఆనవాలు ఉంటుంది. కోతకు సరిగ్గా ఎదుటి వైపు అంచు కూడా తరచు పలచగా, అస్పష్టంగా కనిపిస్తుంది. అచ్చు పడిన తర్వాత ఆకురాయితోనో, కత్తెరతోనో చేసిన కోతకు ఈ ఆనవాలు ఉండదు. సుత్తి దెబ్బలు, అరుగుదల టంకశాల లోపాలు కావు.

పది రూపాయల చిక్కు

రూపాయి చిహ్నం 2010లో అమలులోకి వచ్చింది. ఆ చిహ్నం గల పది రూపాయల నాణేలు 2011 నుంచి చెలామణిలోకి వచ్చాయి. పాతవాటిపై చిహ్నం లేదు. ఒక దానిపై పదిహేను కిరణాలు, మరొక దానిపై పది కిరణాలు ఉండడంతో ఒకటి నకిలీ అనే మాట బజారులో పుట్టింది. రెండూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2016 నవంబరులో ప్రకటించింది. 2018 జనవరిలో మరొక ప్రకటన ఇస్తూ, అప్పటివరకు 14 నమూనాలు విడుదలయ్యాయని, అన్నీ చెల్లుబాటు అవుతాయని వివరించింది. బొమ్మ తేడా లోపమూ కాదు, మోసమూ కాదు.

2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, అంతకు పైబడిన నాణేలు వెయ్యి రూపాయల మొత్తం వరకు చట్టబద్ధమైన చెల్లింపు. ఒక దుకాణదారు నాణెం వద్దంటే, దానిని తీసుకొన్న రైతు, కమీషను ఏజెంటు, చిల్లర వర్తకుడు వరుసగా ఇరుకున పడతారు. బ్యాంకు శాఖలు నాణేలు స్వీకరించాలని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉన్నది. నూరేసి నాణేలను పాలిథిన్ సంచుల్లో కట్టి తీసుకువెళితే లెక్క సులువు.

లక్షల ఆశ

నాణేలు సేకరించేవారు నిజమైన లోపాలకు ముఖవిలువ కంటే ఎక్కువ ఇచ్చే మాట నిజమే. అయితే ధర లోపం ఎంత స్పష్టమైనది, ఎంత అరుదైనది, నాణెం ఏ స్థితిలో ఉన్నది అనే వాటిపై ఆధారపడుతుంది. మురికి అచ్చు వల్ల అక్షరం పోయిన నాణేలు అరుదేమీ కావు. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాల పేరిట తన పేరు, చిహ్నం వాడుకొని రుసుము, కమీషను, పన్ను అడుగుతున్న మోసగాళ్ల గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. అటువంటి లావాదేవీలతో తనకు సంబంధం లేదని తెలిపింది.

కొనేవాడు డబ్బు ఇవ్వాలి గాని అమ్మేవాడిని ముందుగా అడగకూడదు. ఏ సరకుకైనా ఇదే బజారు ధర్మం. అనుమానం కలిగించే నాణెం వస్తే అదే నమూనా నాణెంతో పక్కపక్కన పెట్టి, బరువు, అంచు పోల్చి చూడాలి. లోపం టంకశాలదని తేలితే ఆ నాణేన్ని విడిగా ఉంచి, నమ్మకమైన సేకర్తకు చూపవచ్చు. బొమ్మ మాత్రమే వేరైతే దాని చోటు గల్లాపెట్టె.