ఇంటిలోని తేమ: పాటపెట్టెకును ఒంటికిని

పెద్దలారా, వానకాలమున గోడకానించిన రేడియో గరగరలాడుటయు, ఆ గదిలోనే పరుండు ముసలివారికి ఉక్కపోయుటయు మీరెరిగినదే. తరచుగా ఈ రెంటికిని మూలమొక్కటే: గాలిలోని తేమ.

గాలి తాను మోయగల నీటియావిరిలో నూటికెన్ని పాళ్లు మోయుచున్నదో, దానినే సాపేక్ష ఆర్ద్రత యందురు. కోస్తాలో వానకాలమున ఇది తరచుగా 80 పాళ్లు దాటును. అప్పుడు ఒంటిపై చెమట యారదు. పెట్టెలోని లోహము తుప్పుపట్టును. ధ్వని పుట్టించు కాగితపు గరాటు మెత్తబడును. గ్రామఫోను పలకలపై బూజు చేరును. రాయలసీమలో ఎండకాలపు మధ్యాహ్నములందు తేమ 30 పాళ్లకు దిగువకు పోవుట కలదు. అప్పుడు వీణచెక్క బీటలువారును, మన గొంతెండును.

కావున 40 మొదలు 60 పాళ్ల వరకు గల తేమ మనకును యంత్రమునకును హితము. తేమకు వెంట్రుక సాగును, ఆరినప్పుడు కుదించుకొనును. ఈ గుణముతో తేమను కొలుచు విధమును జెనీవా పండితుడు సొస్యూర్ 1783లో తన గ్రంథమున వివరించెను. నేడు అంగళ్లలో చిన్న తేమమాపకములు దొరకుచున్నవి.

పాటపెట్టెను గోడకు జానెడు ఎడముగా బల్లపై నుంచవలెను. ఆ గదిలో తడిబట్టలు ఆరవేయరాదు. వాన వెలిసి యెండ కాసినప్పుడు కిటికీలు తెరువవలెను. ఎండకాలమున తడిపిన వట్టివేళ్ల తడిక మేలుచేయును. అయితే దాని తుంపర పెట్టెపై బడరాదు.

ముఖ్యముగా, యంత్రమును వానకాలమంతయు బట్టచుట్టి మూలబెట్టకుడు. అది పాడునప్పుడు పుట్టు వేడిమియే దానిలోని చెమ్మను కొంత ఆర్చును. దినమునకు కొంతసేపు పాడించుడు. పెట్టెయు నిలుచును, ఇల్లును పలుకును.