చిత్రకారుని యాస్తికి వారసు లెవరు?

చిత్రకారుడు గతించిన పిమ్మట నాతని చిత్రముల గతి యేమి? కవి చెప్పిన పద్యము నోటినుండి నోటికి ప్రాకి బ్రతుకును. గాయకుని బాణి శిష్యుని కంఠమున నిలుచును. చిత్రమట్లు కాదు. అది కొంత గుడ్డ, కొంత రంగు. చెమ్మకు చెడును, చెదలకు లోనగును. ధనికుని గోడ కెక్కినచో జనులకు కానరాకుండపోవును. కావున చిత్రకారుడు జీవించియుండగనే తన కృతుల భవిష్యత్తును యోచించుట యావశ్యకము. అట్లు యోచించినవారిలో సయ్యద్ హైదర్ రజాగారిని ముఖ్యులుగా నెంచవలెను.

రజాగారు 1922లో మధ్యప్రదేశమునందలి మండలా ప్రాంతమున, బబరియా గ్రామమున జన్మించిరి. తండ్రి అటవీశాఖోద్యోగి. చంచలమగు బాలుని మనస్సును నిలుపుటకై యుపాధ్యాయుడు గోడమీద నొక చుక్క పెట్టి, దానినే చూచుచుండుమనెనట! ఆ చుక్కయే దశాబ్దముల పిదప ‘బిందు’వై వారి చిత్రములకు కేంద్రమయ్యెను. నాగపురమునను బొంబాయి జె. జె. కళాపాఠశాలయందును విద్య నభ్యసించి, 1947లో సూజా, హుసేన్, ఆరా మున్నగువారితో గూడి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపును నెలకొల్పిరి. దేశవిభజనానంతరము కుటుంబమువారు పాకిస్తానమునకు తరలినను తాము భారతదేశమును విడిచి యటకు పోలేదు. 1950లో విద్యార్థియై ఫ్రాన్సు కేగి, అరువది యేండ్లటనే నివసించియు భారత పౌరసత్వమును వదలుకొనలేదు.

వారికి సంతానము లేదు. 2001లో ఢిల్లీయందు రజా ఫౌండేషన్ అను ధర్మసంస్థను స్థాపించి, తాము ఆర్జించినదానిని దాని కొసంగిరి. 2010లో స్వదేశమునకు మరలివచ్చి, 2016 జూలై 23న ఢిల్లీలో కన్నుమూసిరి. వారి కోరిక ననుసరించి మండలాలో తండ్రి సమాధి చెంతనే ఖననము జరిగినది.

ఈ సంస్థ తన స్థాపకుని పటములకు పూలదండలు వేసి తృప్తిచెందలేదు. యువచిత్రకారులకు ప్రదర్శనావకాశములు, యువకవులకు సభలు, సంగీత నృత్యములకు ప్రోత్సాహము కల్పించుచున్నది. ‘రజా పుస్తకమాల’ పేరిట హిందీలో గ్రంథములను వెలువరించుచున్నది. మండలాలో రజాగారి స్మృతిదినములందు ఆ యూరి సామాన్యజనులు సైతము గొడుగులపై రంగులు వేయుదురు. ప్యారిసునందలి పాంపిడూ కేంద్రమున 2023లో సుమారు 100 చిత్రములతో ప్రదర్శనము జరుగుటకును ఈ సంస్థ తోడ్పడినది. తన పేరు నిలుపుటకు పరుల కళను పోషించుట! దానధర్మములలో నిది యుత్తమ మార్గమని మా యభిప్రాయము.

అయితే, ఇట్టి సంస్థల భారము సామాన్యమైనది కాదు. రజాగారి ‘సౌరాష్ట్ర’ చిత్రము 2010లో లండను వేలమున 16 కోట్ల రూపాయలకు పైగా పలికినది. ‘జెస్టేషన్’ అను చిత్రము 2023లో ముంబయియందు 51 కోట్లను మించినది. వెల పెరిగినచోట నకలు పుట్టుట లోకరీతి. 2009లో ఢిల్లీయందు తమ పేరిట జరుగుచున్న ప్రదర్శనమునకు స్వయముగా వెళ్ళిన రజాగారు, అందు పెక్కు చిత్రములు తమవి కావని కనుగొని నివ్వెరపోయిరి. ఇది నాది కాదని చెప్పుటకు నాడు చిత్రకారుడున్నాడు. నేడు చెప్పువారెవరు? సమగ్రమైన పట్టికయే చెప్పవలెను. 1958 మొదలు 1971 వరకు గల చిత్రముల వివరములతో తొలి సంపుటము 2016లో వెలువడుట సంతోషదాయకము. అది పూర్తియగుట యావశ్యకము. ఇట్టి సంస్థ యేదైనను లెక్కలను బహిరంగముగా నుంచవలెను. చిత్రములను తాళముల చాటున గాక ప్రజల కన్నుల యెదుట నుంచవలెను. స్థాపకుని స్నేహితుల తరముతో నది యంతరింపరాదు.

ఈ విషయమున మన యనుభవమును స్మరింపదగినదే. 1925లో, ఇరువది యెనిమిదేండ్లు నిండకుండగనే యస్తమించిన దామెర్ల రామారావుగారికి ధనరాశులు లేవు. భార్య సత్యవాణిగారు, మిత్రులు వరదా వెంకటరత్నముగారు ప్రేమతో కాపాడినందుననే ఆ చిత్రములు రాజమహేంద్రవరమున వారి పేరిటి చిత్రశాలలో నిలిచినవి. కాని ప్రేమించువారి యాయువు పరిమితము. సంస్థ కట్టుదిట్టముగ నున్నచో దాని యాయువు తరతరములు సాగును. రజాగారు ధనము నొసంగి దారి చూపిరి. ధనము లేని చిత్రకారుల విషయమున నా బాధ్యత ప్రజలది, ప్రభుత్వములది. చిత్రకారుని యాస్తికి నిజమైన వారసులము మనమే. వారసత్వ మనుభవింపగోరువారు దాని ఋణమును గూడ తీర్పవలదా?