‘ఎన్‌పీఎం పబ్లిష్’: ఒక చిన్న కమాండ్ జీవితకథ

టెర్మినల్‌లో ‘ఎన్‌పీఎం పబ్లిష్’ అని కొట్టి ఎంటర్ నొక్కితే కొన్ని క్షణాల్లో ఆ ప్రోగ్రామర్ రాసిన కోడ్ లోకమంతటికీ అందుబాటులోకి వస్తుంది. మధ్యలో చదివి చూసే సంపాదకుడు లేడు, సంతకం పెట్టే అధికారి లేడు, కట్టాల్సిన రుసుమూ లేదు. ముక్కూమొహం తెలియని మనిషి రాసిన పది వరుసలు కొన్నాళ్లకు ఏ బ్యాంకు వెబ్‌సైట్‌లోనో చేరి పనిచేస్తుండవచ్చు. సామాన్య ప్రోగ్రామర్‌ని ఇంతగా నమ్మిన ఏర్పాటు కంప్యూటర్ల చరిత్రలో అరుదు. ఆ నమ్మకాన్ని కాపాడుకోవడానికి పడుతున్న పాట్లే ఈ కమాండ్ కథ.

దీనికి ముందే కొందరు దారి వేశారు. పెర్ల్ భాషవాళ్లు 1995లోనే సీపాన్ పేరుతో ఉమ్మడి కోడ్ నిల్వ పెట్టుకున్నారు. జావాస్క్రిప్ట్‌కి ఆ వంతు ఆలస్యంగా వచ్చింది. 2009లో ర్యాన్ డాల్ ‘నోడ్’ను తయారుచేయడంతో, అప్పటిదాకా ప్రధానంగా బ్రౌజర్లలోనే నడిచిన ఆ భాష సర్వర్ల మీద కూడా ఊపందుకుంది. ఒకరు రాసిన కోడ్ మరొకరికి చేరే పద్ధతి ఒకటి కావాలి. ఐజాక్ ష్లూటర్ అనే ప్రోగ్రామర్ ఆ పని తలకెత్తుకుని 2010 జనవరిలో ఎన్‌పీఎం తొలిరూపాన్ని విడుదల చేశాడు. ప్యాకేజీలు, అంటే పంచుకునే కోడ్ మూటలు, దాచే రిజిస్ట్రీని కౌచ్‌డీబీ అనే డేటాబేస్ మీద కట్టారు. వెబ్‌పేజీలు తెచ్చే హెచ్‌టీటీపీ పద్ధతిలోనే ఆ డేటాబేస్‌తో మాట్లాడవచ్చు. అందుకే పబ్లిష్ అంటే, పైతొడుగులన్నీ తీసేస్తే, ఒక చిరునామాకు పంపే ఒకే ఒక ‘పుట్’ అభ్యర్థన.

ఆ అభ్యర్థన బయల్దేరేలోపు జరిగే పని ఆసక్తికరం. కమాండ్ మొదట ఫోల్డర్‌లోని ‘ప్యాకేజ్ డాట్ జేసన్’ అనే ఫైలు తెరిచి పేరూ, వెర్షన్ సంఖ్యా చదువుతుంది. తర్వాత ఏ ఫైళ్లు పంపాలో, ఏవి వదిలేయాలో తేలుస్తుంది. కోడ్ మార్పులను గుర్తుపెట్టుకునే ‘గిట్’ సాధనం చరిత్ర, దించుకున్న ఇతర ప్యాకేజీలు వాటంతటవే పక్కకు పోతాయి. మిగిలినవాటికి ‘డాట్ ఎన్‌పీఎం ఇగ్నోర్’ జాబితా చూస్తుంది, అది లేకపోతే ‘డాట్ గిట్ ఇగ్నోర్’ చూస్తుంది. కొత్తవాళ్లు చిక్కుకునేది సరిగ్గా ఇక్కడే. మొదటి జాబితా ఒకటి పెట్టగానే రెండోది లెక్కలోకి రాదు. గిట్‌లోకి వెళ్లకుండా దాచిన పాస్‌వర్డ్ ఫైలు రిజిస్ట్రీలోకి మాత్రం నేరుగా వెళ్లిపోగలదు.

ఏరిన ఫైళ్లన్నీ ఒకే కుదించిన మూటవుతాయి. ఆ మూటకు ఎస్‌హెచ్‌ఏ-512 లెక్కతో ఒక వేలిముద్ర తీస్తారు. లోపల ఒక్క అక్షరం మారినా ఆ ముద్ర మారిపోతుంది కాబట్టి, దించుకునేవాడి చేతికి వచ్చింది అసలు మూటేనా అన్నది తేలిపోతుంది. అవతల రిజిస్ట్రీ చూసే ముఖ్యమైన విషయాలు మూడు. పంపినవాడెవరో చెప్పే రహస్య సంకేతం, అంటే టోకెన్, చెల్లుతుందా, ఆ పేరు మీద అతనికి హక్కుందా, ఆ వెర్షన్ ఇప్పటికే ఉందా. ఉంటే లోపలికి రానివ్వదు. తొలి రోజుల్లో బలవంతంగా పాత వెర్షన్ మీదే కొత్త కోడ్ రాసేసే వీలుండేది. 2014లో దాన్ని ఆపేశారు. నా దృష్టిలో ఈ కమాండ్ పెద్దరికం సంపాదించుకున్నది ఆ రోజే. ఒక సంఖ్యతో ఇచ్చిన కోడ్ ఎప్పటికీ అదే కోడ్‌గా ఉంటుందన్న హామీ లేకపోతే మిగతా కట్టడమంతా నిలబడదు.

ఆ హామీలో ఇంకో కన్నం మిగిలిందని 2016 మార్చి 22న తెలిసింది. అజెర్ కొచులు అనే ప్రోగ్రామర్‌కి ‘కిక్’ అనే ప్యాకేజీ ఉండేది. అదే పేరున్న మెసేజింగ్ సంస్థ ఆ పేరు తనదంది. ఎన్‌పీఎం సంస్థ పేరును ఆ కంపెనీకి అప్పగించింది. మనసు విరిగిన కొచులు 250కి పైగా ఉన్న తన ప్యాకేజీలన్నిటినీ రిజిస్ట్రీ నుంచి తీసేశాడు. వాటిలో ఒకటి ‘లెఫ్ట్‌ప్యాడ్’. మాటకు ఎడమపక్క ఖాళీలు చేర్చి పొడవు సరిచేసే 11 వరుసల కోడ్. దాని మీద మరో ప్యాకేజీ, దాని మీద ఇంకొకటి ఆధారపడుతూ పోయి, ఆ గొలుసు చివర బేబెల్ లాంటి మహా సాధనాలున్నాయి. ప్రపంచమంతటా సాఫ్ట్‌వేర్ బిల్డులు ఆగిపోయాయి. నిమిషాల వ్యవధిలో మరొకరు అదే పేరుతో 1.0.0 వెర్షన్ పెట్టారు. అయినా ఆధారపడినవి అడుగుతున్నది 0.0.3ని! చివరికి సంస్థే తొలగించిన వెర్షన్‌ని వెనక్కి తెచ్చింది. కొచులు కోపం న్యాయమైనదే అనిపిస్తుంది నాకు. కానీ ఆ కోపం తగిలింది తగవుతో సంబంధం లేనివాళ్లకు. తీసేసే హక్కుకు ఆ తర్వాతే హద్దు గీశారు. ఇప్పుడు పబ్లిష్ చేసిన 72 గంటల్లోపు, మరో ప్యాకేజీ దాని మీద ఆధారపడకపోతేనే సులువుగా తీసేయగలం. ఆ గడువు దాటాక షరతులు ఇంకా ఎక్కువ.

ఇక తర్వాతి కష్టాలన్నీ ‘పంపింది నిజంగా ఎవరు’ అన్న ప్రశ్న చుట్టూనే. 2018లో ‘ఈవెంట్ స్ట్రీమ్’ ప్యాకేజీని, తనకు దానితో పని లేకపోయినా ఉచితంగా చూస్తూ వచ్చిన రచయిత, సాయం చేస్తానని వచ్చిన అపరిచితుడికి అప్పగించాడు. ఆ కొత్తమనిషి కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్‌ను దోచే కోడ్‌ని ఓ అనుబంధ ప్యాకేజీలో దాచి పెట్టాడు. టోకెన్ సరైనదే, హక్కు ఉన్నదే, వెర్షన్ కొత్తదే. రిజిస్ట్రీ తప్పుపట్టడానికి ఏమీ లేదు.

 2025 సెప్టెంబరులో మోసపు ఈమెయిల్‌తో ఓ రచయిత ఖాతా చేజిక్కించుకుని ‘చాక్’, ‘డీబగ్’ వంటి ప్యాకేజీల్లో విషం కలిపారు. కొన్ని గంటల్లోనే పట్టుకున్నారు. అదే నెలలో ‘షాయ్ హులూద్’ అనే కంప్యూటర్ పురుగు (వార్మ్) బయటపడింది. చేరిన కంప్యూటర్‌లో టోకెన్లు వెతికి, వాటితో ఆ యజమాని ప్యాకేజీలకు తనను తాను అంటించుకుని, కొత్త వెర్షన్లు తానే పబ్లిష్ చేసింది. వందల ప్యాకేజీలు దాని బారిన పడ్డాయి. మనిషి ప్రమేయం లేకుండానే పబ్లిష్ జరిగిపోతోందన్నమాట.

దీనికి దొరికిన మంచి మందు, దొంగిలించడానికి టోకెన్ అనేదే ఉంచకపోవడం. పైథాన్ రిజిస్ట్రీ 2023లో, ఎన్‌పీఎం 2025లో తెచ్చిన ‘ట్రస్టెడ్ పబ్లిషింగ్’ పద్ధతి అదే. కోడ్ ఉన్నచోటే బిల్డ్ జరుగుతుంది, ఆ బిల్డ్ సేవే తానెవరో రుజువు చూపి, కాసేపే చెల్లే అనుమతి తీసుకుని పబ్లిష్ చేస్తుంది. అలసిన మనిషి జాగ్రత్త మీద భారం వేయడం కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు. అయితే కాపలా పెంచే తొందరలో, తొలి ప్యాకేజీ పెట్టాలనుకునే విద్యార్థికి తలుపు మూసేయకూడదు. ఈ రిజిస్ట్రీని ఇంతదాకా పెంచింది అలాంటివాళ్లే.

కాబట్టి మీరూ పబ్లిష్ చేయండి. చేసే ముందు ‘ఎన్‌పీఎం ప్యాక్’ కమాండ్‌ని ‘డ్రై రన్’ ఆప్షన్‌తో నడిపి, వెళ్లబోయే ఫైళ్ల జాబితా చివరిదాకా చదవండి. ఖాతాకు రెండంచెల భద్రత పెట్టుకోండి. ఏదో ఒక రోజు ఇక దాన్ని చూసుకోలేను అనిపిస్తే, తెలియనివాళ్ల చేతికి తాళం ఇవ్వకుండా ‘ఎన్‌పీఎం డెప్రికేట్’తో ఒక మాట రాసి పెట్టండి. ప్యాకేజీ పనిచేస్తూనే ఉంటుంది. దాన్ని దించుకునేవాళ్లకు మీ హెచ్చరిక కనిపిస్తుంది.