షేక్ చినమౌలానా

పెండ్లి మేళములందు క్లారినెట్టును, సన్నాయిని మీరు వినియుందురు. క్లారినెట్టునకు నాలుక యొక్కటి; సన్నాయి కంటె పెద్దదియగు నాదస్వరమునకు జంట నాలుక. వ్రేళ్ళకు రంధ్రము లేడే. సూక్ష్మ స్వరభేదములు ఊపిరి బిగువు వలనను, రంధ్రమును కొంత మూయుట వలనను పుట్టవలెను. కావున నిది దీర్ఘసాధన గోరు విద్య.

1924లో నేటి ప్రకాశం జిల్లాలోని కరవదిలో జన్మించిన షేక్ చినమౌలానా తండ్రి వద్దను, పిదప చిలకలూరిపేట ఆదం సాహెబు వద్దను నేర్చిరి. వాద్యకారులైన పిమ్మటను తంజావూరు బాణికై నాచ్చియార్‌కోయిల్ సోదరులకు మరల శిష్యులైరి. ముస్లిములయ్యు శ్రీరంగమున స్థిరపడి ఆలయవాద్యమునకే జీవిత మర్పించిరి. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి బిరుదములు పొంది, 1999లో కాలధర్మము నొందిరి.

బహుమానము పొందినవారు పాఠము మానుదురేమోయని మేము వెరచుచుందుము. నేర్చినవాడు మరల శిష్యుడగుటకు సిగ్గుపడరాదు.